వయొలెంట్ ఫెమ్స్ తొలి ఆల్బమ్: పాత జ్ఞాపకాల మీద బతుకుతోందన్న వాదనకు ఖండన

ఆల్టర్నేటివ్ రాక్ అభిమానుల మధ్య ఒక వాదన చాలాకాలంగా చేతులు మారుతూ వస్తోంది. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని మిల్వాకీ నగరానికి చెందిన వయొలెంట్ ఫెమ్స్ బృందం 1983లో తన పేరుతోనే విడుదల చేసిన తొలి ఆల్బమ్ నలభై ఏళ్లు దాటినా వినబడుతూనే ఉండడానికి సంగీతపరమైన కారణం ఏదీ లేదన్నది దాని సారాంశం. ఆ వాదన చెప్పే కథ ఇలా సాగుతుంది: వాయించడం సరిగా రాని ముగ్గురు కుర్రాళ్లు వీధిలో పాడుకుంటూ అదృష్టవశాత్తు ఒక పెద్ద బ్యాండు కంట పడ్డారు, చేతిలో డబ్బు లేక పలుచని ధ్వనితో పాటలు రికార్డు చేశారు, ఆ లేమినే తర్వాతివారు శైలి అని పొగిడారు, పాటల్లో ఉన్నదల్లా పద్దెనిమిదేళ్ల కుర్రాడి కామతాపమూ అక్కసూ మాత్రమే, సినిమాలూ వాణిజ్య ప్రకటనలూ ఆ పాటలను జనంలోకి తెచ్చాయి, ఈనాడు వాటిని వింటున్నవారు నిజానికి తమ గడిచిపోయిన యవ్వనాన్నే వింటున్నారు. వినడానికి ఈ కథ పొందికగానే ఉంటుంది. ప్రతి ముక్కలోనూ కొంత నిజం ఉండడం వల్లనే ఇది ఇంతకాలం నిలిచింది కూడా. అయితే తేదీలను పక్కన పెట్టుకుని, ఆల్బమ్‌ను మొదటి నుంచి చివరి వరకు శ్రద్ధగా విని చూస్తే ఇందులో నిలబడేది చాలా తక్కువ.

మొదట ‘వాయించడం రాని కుర్రాళ్లు’ అన్న మాట సంగతి చూద్దాం. ఆల్బమ్ రికార్డు చేసిన 1982 జూలై నాటికి గాయకుడు, గిటారిస్టు గోర్డన్ గానోకు 19 ఏళ్లు. అతడి వరకు కుర్రాడు అన్న మాట చెల్లుతుంది. డ్రమ్స్ వాయించిన విక్టర్ డిలొరెంజోకు అప్పటికే 27 ఏళ్లు. మిల్వాకీలో థియేటర్ ఎక్స్ అనే ప్రయోగాత్మక నాటక బృందంలో నటుడిగా పనిచేసిన అనుభవం ఉన్నవాడు. బేస్ వాయించిన బ్రయాన్ రిచీ పంక్‌తో పాటు జాజ్‌ను, అందులోనూ సన్ రా వంటి సాహసికుల జాజ్‌ను, వంటబట్టించుకున్నవాడు. తరచుగా మరిచిపోయే విషయం మరొకటి ఉంది. ఈ బృందంలో ముందుగా జత కట్టింది రిచీ, డిలొరెంజోలే. బృందం పేరు కూడా వారిద్దరి నాటిదే. పాటల మూట పట్టుకుని గానో తర్వాత వచ్చి చేరాడు. అంటే ఒక కుర్రాడి పాటలకు ఇద్దరు స్నేహితులు తోచినట్టు తాళం వేయడం కాదు ఇక్కడ జరిగింది. ఒకరి ఊపిరి మరొకరికి తెలిసిన లయజంట ఒకటి అప్పటికే సిద్ధంగా ఉండి, దానికి తగిన గాయకుడు దొరికాడు. రిచీ ఆ తర్వాతి కాలంలో జపాన్ వేణువైన షాకుహాచిని అభ్యసించి, దాన్ని బోధించే అర్హత కూడా సంపాదించాడు. ఈ ఆల్బమ్ నాటికి అతడికున్న ఇరవై ఒక్క ఏళ్ల వయసులో వాద్యం మీద ఆసక్తి లేనివాడికి అది అబ్బే విద్య కాదు.

ఇక అదృష్టం గురించి. 1981 ఆగస్టు 23న మిల్వాకీలోని ఓరియంటల్ థియేటర్ బయట వీరు వాయిస్తుండగా, ఆ రాత్రి అక్కడ కచేరీ చేయవలసిన ప్రిటెండర్స్ బృందంలోని గిటారిస్టు జేమ్స్ హనీమన్-స్కాట్ విన్నాడని, గాయని క్రిస్సీ హైండ్ వారిని పిలిచి ఆ వేదిక మీదే కాసేపు వాయించే అవకాశం ఇచ్చిందని అందరికీ తెలిసిన విషయమే. కథ అక్కడే ఆగిపోతే అదృష్టం అనవచ్చు. కానీ ఆ రాత్రి వారి చేతికి ఏ ఒప్పందమూ రాలేదు. దాదాపు ఏడాది గడిచాక, డిలొరెంజో తండ్రి దగ్గర 10,000 డాలర్లు అప్పు తీసుకుని, విస్కాన్సిన్‌లోనే లేక్ జెనీవాలో ఉన్న ఒక స్టూడియోలో, మార్క్ వాన్ హెక్ నిర్మాతగా, తమ సొంత పూచీ మీద ఈ పాటలు రికార్డు చేసుకున్నారు. వాటిని లాస్ ఏంజెలెస్‌కు చెందిన స్లాష్ రికార్డ్స్ సంస్థ 1983 ఏప్రిల్‌లో విడుదల చేసింది. ఒక పెద్ద బృందం ఒక రాత్రి చూపిన ఆదరణ మంచి కథకు పనికొచ్చింది; రికార్డు బయటికి రావడానికి పనికొచ్చింది మాత్రం ఆ అప్పు.

డబ్బు ప్రస్తావన వచ్చింది కనుక రెండో ఆరోపణకు వెళ్లవచ్చు. నా దృష్టిలో మొత్తం వాదనకు ఇదే ఆయువుపట్టు. ధ్వనిలో ఉన్న పలుచదనం డబ్బు లేక వచ్చినదని, డబ్బే ఉండి ఉంటే వీరూ అందరిలాగే వాయించేవారని దీని భావం. ముందుగా ఆ ధ్వని ఎలా కుదిరిందో గమనించాలి. డిలొరెంజో పూర్తి డ్రమ్స్ సెట్టు ముందు కూర్చోలేదు. నిలబడి, ప్రధానంగా ఒక్క స్నేర్ డ్రమ్‌ను బ్రష్‌లతో వాయించాడు. దానికి తోడుగా ఒక డ్రమ్ మీద రేకు బుట్టను బోర్లించి తయారు చేసుకున్న ట్రాన్సఫోన్ అనే సొంత వాద్యాన్ని వాడాడు. రిచీ చేతిలో ఉన్నది పెద్ద శరీరం గల అకౌస్టిక్ బేస్ గిటారు. వీధిలో కరెంటు లేకుండా వాయించడానికి కుదిర్చుకున్న ఏర్పాటు ఇది. అంటే స్టూడియో ఖర్చు లెక్క వేసుకోవడానికి ఎంతో ముందే ఈ ధ్వని ఉంది. బడ్జెట్ తగ్గించుకోవడానికి అప్పటికప్పుడు పుట్టించినది కాదు.

ఇంతకంటే బలమైన ఆధారం ఆల్బమ్ లోపలే ఉంది. వాయిద్యాలు సమకూర్చుకోలేని లేమే అసలు కారణమైతే ‘గాన్ డాడీ గాన్’ పాటలో గిటారు ఉండవలసిన చోట జైలోఫోన్ వినిపించేది కాదు. చివరి పాట ‘గుడ్ ఫీలింగ్’లో పియానో, వయొలిన్ వచ్చేవి కావు. ఎక్కడ ఏది చేర్చాలో, మిగతా చోట్ల ఏది చేర్చకూడదో వారికి తెలుసు. ‘బ్లిస్టర్ ఇన్ ది సన్’ మొదలయ్యే తీరు చూడండి. గిటారు మీద చిన్న పలుకు, వెంటనే స్నేర్ మీద రెండు దెబ్బలు, మళ్లీ ఆ పలుకు, మళ్లీ ఆ దెబ్బలు. ఆ రెండు దెబ్బల చుట్టూ ఉన్న ఖాళీయే ఆ పాటకు గుర్తు. అక్కడ సింబల్ మోత గానీ, విద్యుత్ గిటారు గానీ నింపితే గుర్తుపట్టడానికి ఏమీ మిగలదు. పాట చివరికి వస్తుంటే ముగ్గురూ గొంతునూ వాద్యాలనూ గుసగుస దాకా తగ్గించి, ఒక్కసారిగా పైకి లేస్తారు. ఈ ఎత్తుపల్లాలు మిక్సింగ్ బల్ల దగ్గర మీట తిప్పితే వచ్చినవి కావు. వేళ్ల బలంతో, ఊపిరితో వచ్చినవి. ‘యాడ్ ఇట్ అప్’ ఏ వాద్యమూ లేకుండా ఒంటరి గొంతుతో మొదలై, తర్వాత గాని పరుగు అందుకోదు. ‘ప్లీజ్ డూ నాట్ గో’లో పాటను ముందుకు నడిపేది బేస్, సోలో కూడా దానిదే. సాధారణ రాక్ పాటలో వెనక నిలబడే వాద్యం ఇక్కడ ముందుకు వచ్చి మాట్లాడుతుంది. గానో గొంతు సన్నగా, ముక్కుతో పలికినట్టు ఉంటుంది. దాన్ని మోయడానికి ఇంత చోటు వదిలిన వాద్యబృందమే కావాలి. మామూలు రాక్ మోతలో పెడితే ఆ గొంతు మునిగిపోతుంది.

డబ్బు ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవలసిన పని కూడా లేదు, ఎందుకంటే ఆ పరీక్ష చరిత్రలోనే జరిగిపోయింది. 1986లో వచ్చిన మూడో ఆల్బమ్ ‘ది బ్లైండ్ లీడింగ్ ది నేకెడ్’కు టాకింగ్ హెడ్స్ బృందానికి చెందిన జెర్రీ హారిసన్ నిర్మాత. ఆయనదీ మిల్వాకీయే. ఆ ఆల్బమ్‌లో వాయిద్యాలు పెరిగాయి, ధ్వని నిండుగా మారింది, బిల్‌బోర్డ్ ఆల్బమ్ చార్టులో, అంటే అమెరికాలో వారంవారం అమ్మకాల వరుస చెప్పే పట్టికలో, అది 84వ స్థానం వరకు వెళ్లింది. తొలి ఆల్బమ్ అప్పటికి ఆ చార్టు ముఖమే చూడలేదు. అయినా ఈ రెంటిలో జనం వెతుక్కుని కొన్నది, ఇప్పటికీ కొంటున్నది మొదటిదే. మూడోది చెడ్డ ఆల్బమ్ అని నేను అనను, అందులో నాకు ఇష్టమైన పాటలు ఉన్నాయి. కానీ అదే బృందం, ఎక్కువ వనరులతో, పేరున్న నిర్మాతతో చేసిన పని పాత పనికి బదులు కాలేకపోయిందంటే పలుచదనం ఒక లోటు అన్న వాదన ఎక్కడ నిలబడుతుంది?

మూడో ఆరోపణ పాటల విషయం మీద. ఇందులో కొంత ఒప్పుకోక తప్పదు. గానో ఈ పాటల్లో ఎక్కువ భాగం పాఠశాల రోజుల్లో రాసినవే. వాటిలో కోరిక ఉంది, తిరస్కారం ఉంది, తన గోడు ఎవరూ వినడం లేదన్న ఉక్రోషం ఉంది. ‘యాడ్ ఇట్ అప్’లో ఆ ఉక్రోషం హింస అంచు దాకా పోతుంది; తుపాకీ ప్రస్తావన కూడా ఉంది. ఈనాడు వినేవారికి అది ఇబ్బంది కలిగిస్తే ఆ ఇబ్బంది న్యాయమైనదే. అయితే పాటలో మాట్లాడేవాడికీ, పాట రాసినవాడికీ మధ్య ఉన్న దూరాన్ని ఈ వాదన పూర్తిగా వదిలేస్తుంది. ‘కిస్ ఆఫ్’ మధ్యలో మాట్లాడేవాడు తాను మింగే వాటిని ఒకటి నుంచి పది వరకు లెక్కపెడుతూ, ఒక్కొక్కదానికి ఒక్కో గాయాన్ని కారణంగా చెబుతాడు. ఎనిమిది దగ్గరికి వచ్చేసరికి అది దేనికో మరిచిపోయానంటాడు. చావు గురించి బెదిరిస్తున్నవాడు తన ఫిర్యాదుల పట్టికలో ఒకటి మరిచిపోవడం రాసినవాడు తెలిసి పెట్టిన హాస్యం. ఆ నటనను అతడు బయట నిలబడి చూస్తున్నాడు. అదే సమయంలో అందులోని బాధను అబద్ధం అని కొట్టిపారేయడం లేదు. కచేరీల్లో శ్రోతలు ఆ లెక్కను గొంతు కలిపి అరిచేది అక్కడ నవ్వు కూడా ఉంది కనుకనే.

పైగా ఆల్బమ్ మొత్తం ఒకే ధోరణిలో సాగదు. ‘ప్రామిస్’ చేతకానితనాన్ని ఒప్పుకునే పాట, ‘కన్ఫెషన్స్’ ఒంటరితనం కర్కశమైన శబ్దంగా విరిగిపడే పాట. ‘గాన్ డాడీ గాన్’ విల్లీ డిక్సన్ రాయగా మడీ వాటర్స్ 1954లో రికార్డు చేసిన బ్లూస్ గీతంలోని చరణాన్ని తనలో కలుపుకుని, అందుకు డిక్సన్‌కు రచయితగా పేరు కూడా ఇచ్చింది. అంటే కుర్రాడి అక్కసు అని తీసిపారేస్తున్న ఈ కోరికకు వెనక పెద్దల సంగీతం ఒకటి ఉందని వీరికి తెలుసు. ఇంత రభస తర్వాత ఆల్బమ్ ‘గుడ్ ఫీలింగ్’ అనే మెత్తని పాటతో ముగుస్తుంది. కాసేపు దక్కిన సుఖం మరి కాస్త నిలవాలని అడగడమే దాని విషయం. అక్కసు తప్ప మరేమీ లేదన్నవారు రికార్డు రెండో వైపు చివరి దాకా వినలేదేమో అన్న అనుమానం నాకు ఎప్పుడూ కలుగుతుంది.

సినిమాలూ ప్రకటనలూ ఈ ఆల్బమ్‌ను నిలబెట్టాయన్న నాలుగో మాటకు జవాబు తేదీలే చెబుతాయి. ‘రియాలిటీ బైట్స్’ చిత్రంలో ఈథన్ హాక్ పాత్ర ‘యాడ్ ఇట్ అప్’ పాడేది 1994లో. ‘మై సో-కాల్డ్ లైఫ్’ ధారావాహికలో కథానాయిక ‘బ్లిస్టర్ ఇన్ ది సన్’కు గంతులు వేసే దృశ్యం కూడా ఆ కాలానిదే. ‘గ్రోస్ పాయింట్ బ్లాంక్’ 1997లో వచ్చింది. ‘గాన్ డాడీ గాన్’ను నార్ల్స్ బార్క్‌లీ అనే ద్వయం తిరిగి పాడింది 2006లో. వెండీస్ అనే ఆహార సంస్థ ‘బ్లిస్టర్ ఇన్ ది సన్’ను తన ప్రకటనలో వాడుకున్నది 2007లో. మరి ఈ ఆల్బమ్‌కు అమెరికా రికార్డింగ్ పరిశ్రమ సంఘం ప్లాటినం ధ్రువీకరణ, అంటే పది లక్షల ప్రతుల గుర్తింపు, వచ్చింది 1991 ఆరంభంలో. అప్పటికి పై వాటిలో ఒక్కటి కూడా జరగలేదు. దర్శకులు, రచయితలు ఆ పాటలను ఎంచుకున్నది తమ ప్రేక్షకులకు అవి ముందే తెలుసు కనుక. కారణాన్ని ఫలితంగా, ఫలితాన్ని కారణంగా తిరగేసి చెప్పడం ఈ వాదనలోని అతి పెద్ద దోషం.

ఇక్కడ చార్టు సంగతి కొంచెం నిలిచి చూడవలసినది. ఈ ఆల్బమ్ బిల్‌బోర్డ్ 200 అనే ఆ ఆల్బమ్ చార్టులో తొలిసారి కనిపించింది 1991లోనే, అదీ ప్లాటినం ధ్రువీకరణ వచ్చాక. చేరిన గరిష్ఠ స్థానం 171. చార్టులో ఒక్కసారి కూడా కనబడకుండా పది లక్షలకు చేరిన రికార్డు అన్నది వినగానే లెక్క తప్పినట్టు అనిపిస్తుంది. తప్పలేదు. చార్టు కొలిచేది ఆ వారంలోని వేగాన్ని, మొత్తాన్ని కాదు. 1983 ఏప్రిల్ నుంచి 1991 ఆరంభం వరకు సుమారు 410 వారాలు; పది లక్షలను వాటికి పంచితే వారానికి సగటున 2,400 పైచిలుకు ప్రతులు. ఏ ఒక్క వారమూ పెద్ద సంచలనం లేకుండా, ఏ వారమూ పూర్తిగా ఆగిపోకుండా దాదాపు ఎనిమిదేళ్లు సాగిన అమ్మకం ఇది. ప్రచారం మీద నడిచే రికార్డుకు మొదటి నెలల్లో శిఖరం ఉంటుంది, తర్వాత లోయ ఉంటుంది. దీనికి ఆ ఆకారమే లేదు. కళాశాల రేడియో కేంద్రాలు వేశాయి, విద్యార్థులు ఒకరి క్యాసెట్ నుంచి మరొకరు కాపీ చేసుకున్నారు, ఆ కాపీ అరిగిపోయాక కొందరు దుకాణానికి వెళ్లి కొన్నారు. కాపీల లెక్క ఏ ధ్రువీకరణలోనూ ఉండదు కనుక విన్నవారి సంఖ్య పది లక్షలను బాగా దాటి ఉంటుందనుకోవడంలో అతిశయోక్తి లేదు.

ప్రకటన వల్ల కలిగిన ఫలితం మాత్రం ఒకటి చెప్పుకోవాలి. 2007లో ఆ ప్రకటన, దాని వెంట రచనా హక్కుల తగాదా వచ్చి, రిచీ గానో మీద దావా వేశాడు. 2009 నాటికి బృందం విడిపోయింది. ఆల్బమ్‌ను నిలబెట్టిందని చెబుతున్న సాధనం ఆ ఆల్బమ్ చేసిన బృందాన్నే కొన్నేళ్ల పాటు మాయం చేసింది.

చివరిగా, ఇప్పటి శ్రోతలు తమ యవ్వనాన్ని వింటున్నారన్న మాట. 2013లో బృందం మళ్లీ కలిసి కోచెల్లా సంగీత ఉత్సవంలో ఈ ఆల్బమ్‌ను వరుసగా మొత్తం వాయించినప్పుడు గుంపులో పాత శ్రోతలు ఉన్నారనడంలో సందేహం లేదు. జ్ఞాపకాలకు ఏ పాత రికార్డు విషయంలోనైనా కొంత వాటా ఉంటుంది. కానీ జ్ఞాపకం ఉండాలంటే ముందుగా ఒక మొదటి పరిచయం ఉండాలి. 1983లో పదహారేళ్లున్నవారికి 1991లో ఇరవై నాలుగు. ఆ ఎనిమిదేళ్లలో ఈ రికార్డును కొత్తగా కొన్నవారిలో చాలామంది విడుదల నాటికి బడిపిల్లలు; వారికి గుర్తుచేసుకోవడానికి 1983 లేదు. 1994లో తెర మీద ఆ పాటలు విని మొదటిసారి ఆరా తీసినవారికి 1983, 1991 రెండూ లేవు. పాటల్లో కూడా కాలాన్ని పట్టించే ఆనవాళ్లు తక్కువ. 1983లో వచ్చిన రికార్డుల్లో చాలావాటిని సింథసైజర్ల మెరుపు, డ్రమ్స్ మీది పెద్ద ప్రతిధ్వని చూసి ఏ ఏడాదివో చెప్పేయవచ్చు. బ్రష్‌లకూ అకౌస్టిక్ బేస్‌కూ అలాంటి పుట్టిన తేదీ లేదు. కొత్త శ్రోతకు ఇది పాత సంగీతంలా వినిపించకపోవడానికి నాకు తోచే ముఖ్య కారణం ఇదే. రెండో ఆరోపణలో లేమి అని తిట్టినదే ఐదో ఆరోపణకు జవాబు కావడం ఈ వాదన చేసేవారు గమనించినట్టు లేదు.

దీనికి తోకగా కొందరు ‘తర్వాత వారు చేసింది ఏముంది’ అని కూడా జోడిస్తారు. మరుసటి ఏడాదే, 1984లో, వచ్చిన ‘హాలోడ్ గ్రౌండ్’ ఈ ప్రశ్నకు చాలు. బాప్టిస్ట్ మతబోధకుడి కుమారుడైన గానో అందులో దాపరికం లేని భక్తిగీతాలు పాడాడు. కూతురిని బావిలో తోసిన తండ్రి కథను పల్లె జానపద బాణీలో చెప్పాడు. ఒక పాటలో న్యూయార్క్ ప్రయోగ జాజ్ వాద్యకారుడు జాన్ జోర్న్ సాక్సఫోన్ పిచ్చిగా విరుచుకుపడుతుంది. మొదటి ఆల్బమ్‌ను ప్రేమించినవారిలో కొందరు అప్పట్లో దీన్ని చూసి బిత్తరపోయారు. ఆ బావి కథ పాట కూడా గానో పాఠశాలలో చదువుకునే రోజుల్లో రాసినదే. తొలి ఆల్బమ్‌లోని పాటలు ఆ వయసు కుర్రాడికి రాయడం చేతనైనవన్నీ కావు; అతడి మూటలో నుంచి ముగ్గురూ కలిసి, ఆ వాద్యాలకు, ఆ గొంతుకు సరిపోయేవి చూసి ఏరుకున్న పది.